పుదీనా పిల్లికి ప్రమాదమా?

ప్రశ్న: మా మిద్దె మీద కుండీలో పెంచుకుంటున్న పుదీనాను మా పిల్లి కొరుకుతోంది. నిన్న రెండు మూడు ఆకులు తిని కాసేపటికి కక్కింది. మొక్కను పీకేయమని మా అత్తగారు అంటున్నారు. మేము తినే సంగటి, కోడి పులుసే దానికీ పెడుతుంటాము. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, మొక్కను పీకేయనక్కరలేదు, కుండీని పిల్లికి అందనంత ఎత్తులో వేలాడదీయండి. పుదీనాలోని ఘాటైన నూనె పిల్లి కడుపుకు పడదు కనుక ఎక్కువగా తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. ఒక్కసారి కక్కి, ఆ తరువాత మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటే కంగారు పడకండి. వాము ఆకు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కొత్తిమీరతో భయం లేదు.

సీసాల్లో అమ్మే పుదీనా నూనెను మాత్రం చీమల కోసమని ఇంట్లో చల్లకండి. అది బొచ్చుకు అంటుకుంటే పిల్లి నాకి మింగుతుంది, అటువంటి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. పారాసిటమాల్ ఒక్క మాత్రయినా పిల్లి ప్రాణం తీయగలదన్నదీ ఇందువల్లనే.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టిన మాట కోడి పులుసు. ఉల్లి పంటకు పేరుపడిన మన కర్నూలులో ఉల్లిగడ్డ, వెల్లుల్లి వేయని పులుసు ఏ ఇంట ఉంటుంది? ఈ రెండింటిలోని గంధక పదార్థాలు పిల్లి రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి చాలు, రక్తంలో మార్పు కనిపించడానికి. అంటే 4 కిలోల పిల్లికి 20 గ్రాములు, ఒక చిన్న గడ్డలో సగమైనా ఉండదు. పైగా లక్షణాలు వెంటనే బయటపడవు. కొన్ని రోజుల తరువాత పిల్లి నీరసించి మూలకు చేరుతుంది, పెదవి పైకెత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి ఉంటాయి, మూత్రం ఎర్రగా గానీ కాఫీ రంగులో గానీ వస్తుంది.

ఇకపై మసాలా వేయకముందే నాలుగు ముక్కలు పక్కకు తీసి, ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ఎముకలు తీసి పెట్టండి. పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా, ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లి, అది ఏమేమి తిన్నదో వైద్యునికి దాచకుండా చెప్పండి.