బీరువా తాళంచెవి ఎవరి చేతికి?

విశాఖపట్నం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి ఆశీస్సులు.

మన సంగీత, కళల సంఘం కార్యదర్శి పదవిలోకి వచ్చి రెండేళ్లు నిండకముందే “నా తరవాత ఎవరు మాస్టారూ, వాళ్లను ఎలా తయారు చేయాలి?” అని నువ్వు అడగడం నాకు సంతోషం కలిగించింది. అదే కుర్చీలో ముప్ఫై ఏళ్లు కూర్చున్న నాకు ఇరవయ్యో ఏటగాని ఈ ప్రశ్న తట్టలేదు. అదైనా తలవంపులు వచ్చాకే తట్టింది.

ఆ ఏడు త్యాగరాజ ఆరాధనకు పది రోజుల ముందు నేను ఆసుపత్రి పాలయ్యాను. హాలుకు కట్టిన బయానా రసీదు నా జేబు డైరీలో ఉండిపోయింది. మిగతా సొమ్ము ఏ తేదీలోగా కట్టాలో నాకు తప్ప కమిటీలో ఎవరికీ తెలియదు. గడువు దాటడంతో హాలువారు ఆ సాయంత్రాన్ని ఒక బడి వార్షికోత్సవానికి ఇచ్చేశారు. తెల్లవారుజామున గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగిన గాయకుడిని స్టేషన్ నుంచి తీసుకొచ్చిన కుర్రవాడు, కచేరీ ఎక్కడో చెప్పలేక, ఆయనకు రెండుసార్లు కాఫీ తెప్పించి, చివరికి ఆసుపత్రిలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. ఒక సభ్యుడి ఇంటి డాబా మీద షామియానా కింద నలభై మంది ఎదుట ఆ కచేరీ జరిగింది. తప్పు పూర్తిగా నాదే. అన్ని పనులూ నా ఒక్కడి నెత్తిన వేసుకోవడం సేవ అనుకున్నాను కాని, అలా చేసి ఇరవై ఏళ్లపాటు పక్కవాడికి పని నేర్చుకునే వీలు లేకుండా చేశానని ఆ రోజే అర్థమైంది.

అందుచేత నా మొదటి సలహా ఇది. యువతకు చిల్లర పనులు పంచిపెట్టవద్దు. ఒక కార్యక్రమం మొత్తాన్ని, దాని డబ్బుతో సహా, అప్పగించు. పూలదండలు తెమ్మని, కుర్చీలు వేయమని పదేళ్లు చెప్పినా, వాళ్లకు దండలు ఎక్కడ దొరుకుతాయో మాత్రమే తెలుస్తుంది. ముప్ఫై వేల రూపాయలలో ముగిసే చిన్న కచేరీ ఒకటి ఇచ్చి, కళాకారుడి ఎంపిక, సంభావన మాట్లాడుకోవడం, హాలు, మైకు, కరపత్రం, చివరికి ఖర్చుల పద్దు కమిటీ ముందు పెట్టడం వరకు ఒకే మనిషి చేతుల మీదుగా జరగనివ్వు. ఆ సాయంత్రం నువ్వు మూడో వరుసలో కూర్చో, గ్రీన్‌రూమ్ వైపు వెళ్లకు. వందన సమర్పణలో ఎవరి పేరో మరిచిపోతారు, పక్కవాద్యం వారికి ఇవ్వవలసిన కవరు ఇంట్లో వదిలి వస్తారు. ఆ కవరు కోసం స్కూటర్ మీద వాళ్లే పరుగెత్తాలి. నువ్వు నీ సంచిలోంచి డబ్బు తీసి ఇచ్చావంటే వాళ్ల పాఠం కాస్తా పోయినట్టే.

ఎవరికి అప్పగించాలన్నది కష్టమైన ప్రశ్న. బాగా పాడేవారు సంఘాన్ని కూడా బాగా నడుపుతారని మనవాళ్లకు ఒక నమ్మకం. నాకు ఆ నమ్మకం ఎన్నడూ లేదు. ఒకసారి వీణ కచేరీకి ముందు, అంతగా పాడలేని ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, “ఏసీ కచేరీ మొదలయ్యే వేళకు వేస్తే చలికి శ్రుతి మారుతుందేమో, గంట ముందే వేయించి వీణను వేదిక మీద ఉంచుదామా?” అని అడిగింది. సముద్రపు తేమగాలికి మృదంగం మూతలు సైతం మాట వినని ఊరిది. వేదిక మీద కూర్చునేవారి ఇబ్బంది వారికంటే ముందు తన మనసుకు వచ్చిన మనిషి కనుక, ఆ మరుసటి ఏడాదే ఆమెను సంయుక్త కార్యదర్శిని చేశాం.

వయసు చాలదనే పెద్దలు నీకు తప్పక ఎదురవుతారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలైనప్పుడు దానికి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడ వయొలిన్ ఆచార్య పదవిలోకి వచ్చేనాటికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి ఇరవై ఆరేళ్లు. 1936లో ఆయనే ఆ కళాశాలకు ప్రధానాచార్యులయ్యారు. మన కమిటీలో ఇప్పుడు నలభై ఐదేళ్లవారిని “పిల్లలు” అంటున్నారు!

కాగితాల పని కూడా నేర్పాలి. యువత దీనికి విసుగుపడుతుంది కాని, సంఘాలు ఎక్కువగా మూతపడేది ఇక్కడే. మనది 2001 నాటి రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నడిచే సంఘం కనుక, ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి. ఆ దస్త్రం ఒక ఏడాది యువసభ్యులచేతే రాయించు. ఊళ్లో ఇన్ని పెద్ద పరిశ్రమలున్నా వాటి ముందు చేయి చాచడం ఎలాగో మనవాళ్లకు తెలియదు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టదగిన పనుల జాబితాలో, సంప్రదాయ కళల, హస్తకళల అభివృద్ధి కూడా ఉంది. ఆ చట్టం వర్తించే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అయితే ఆదాయపు పన్ను శాఖ దగ్గర పన్ను మినహాయింపు నమోదులు, కంపెనీల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారం లేని సంఘం ఆ డబ్బు అడగడానికి వెళ్లి ప్రయోజనం లేదు. ఆరుబయట కార్యక్రమమైతే రాత్రి పదింటికి మైకు ఆపాలన్న నియమాన్ని, పోలీసులు వచ్చి చెప్పకముందే వాళ్లు తెలుసుకోవాలి.

వాళ్లను సిరిపురం, పిఠాపురం కాలనీ హాళ్లకే పరిమితం చేయవద్దు. ఏటికొప్పాకకు తీసుకువెళ్లు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లక్కబొమ్మకు అంకుడు కర్ర ఎలా వస్తుందో, తిరిగే కర్రకు ఒత్తిన లక్క ఆ వేడికి ఎలా కరిగి అంటుకుంటుందో, చివరికి బొమ్మ అమ్మితే చేసినవారికి మిగిలేదెంతో పక్కన కూర్చుని అడగమను. తప్పెటగుళ్ల జానపద బృందాన్ని పిలిచేటప్పుడు, ఇరవై మంది రానుపోను బస్సు ఖర్చు, భోజనాలు, కూలి పోగొట్టుకున్న రోజుకు పరిహారం లెక్కవేయడం నేర్పు. గాయకుడికి కారు పంపి, జానపద కళాకారుడికి శాలువాతో సరిపెట్టే అలవాటు మనలో చాలా కాలంగా ఉంది. అందులో నేనూ ఉన్నాను.

ఇంకొక మాట. మధురవాడ కంపెనీలలో పనిచేసి అలసి వచ్చే పిల్లల చేత ఏళ్ల తరబడి ఊరికే చాకిరీ చేయించవద్దు. పెట్రోలు ఖర్చు, ఫోను ఖర్చు తప్పక ఇవ్వు. ఆడపిల్లలు రాత్రి ఇల్లు చేరే ఏర్పాటు సంఘం ఖర్చులోనే రాయి.

నీ పదవికి రెండు విడతల పరిమితిని వచ్చే సర్వసభ్య సమావేశంలో నువ్వే ప్రతిపాదించు. దిగిపోయే ఏడాదికి ముందే బ్యాంకు చెక్కుల మీద మరొకరి సంతకం చేర్పించు. కళాకారుల ఫోన్ నంబర్లు, ఎవరికి ఎంత ఇచ్చాం, ఎవరు కారం తినరు అన్న వివరాలతో సహా, నా పాత నోటుపుస్తకంలో ఉన్నాయి. ఆదివారం వచ్చి తీసుకువెళ్లు, బీరువా రెండో తాళంచెవి కూడా దానితోనే ఉంది. డిసెంబరు కచేరీకి విద్వాంసుడిని తీసుకురావడానికి ఎవరిని పంపుతావో నువ్వే చూసుకో. స్టేషన్‌కు ఈసారి నేను రాను.

ఇట్లు,
మీ మాస్టారు