చివరి వరుసకీ చదవడానికి వీలుగా: ఫిల్మ్ క్లబ్ ప్రశ్నలు, జవాబులు

బడి హాల్లోనో, లైబ్రరీ గదిలోనో, ఆరుబయటో నలుగురినీ కూర్చోబెట్టి ప్రపంచ సినిమా చూపించాలనుకునే పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మాకు ఓటీటీ చందా ఉంది. అందులో ఉన్న ఒక ఇరానీ సినిమాని యాభైమందికి చూపించాలని ఉంది. టికెట్ పెట్టడం లేదు కదా, అనుమతి ఎందుకండీ?

జవాబు: టికెట్ పెట్టకపోయినా అనుమతి కావాల్సిందే. చందా కట్టేది ఇంట్లో చూసుకోవడానికి. డిస్కు కొనుక్కున్నా అంతే. ఇంటివాళ్లు కానివాళ్లని పిలిచి ఒకచోట సినిమా వేస్తే అది బహిరంగ ప్రదర్శన అవుతుంది, దానికి హక్కు విడిగా తీసుకోవాలి. తరగతి గదిలో పాఠం కోసం వేసుకోవడానికి చాలా దేశాల చట్టాల్లో మినహాయింపులు ఉన్నాయి. ఫిల్మ్ క్లబ్ వాటి కిందకి వస్తుందని మాత్రం అనుకోకండి.

ఎవరిని అడగాలన్నదే చాలామందికి చిక్కు. ఆ సినిమా ఆడిన ఏదైనా చలనచిత్రోత్సవం కేటలాగ్ తీసి, ఆ సినిమా పేజీ అడుగున చూడండి. ‘వరల్డ్ సేల్స్’, ‘ప్రింట్ సోర్స్’ అని రెండు వివరాలు ఉంటాయి. మొదటిది హక్కులు అమ్మే ఏజెంటు, రెండోది కాపీ పంపేవాళ్లు. మీ దేశానికి హక్కులు ఇప్పటికే ఎవరైనా కొనుక్కుని ఉంటే ఏజెంటే వాళ్ల దగ్గరికి పంపుతారు. ఏజెంటు లేని చిన్న సినిమా అయితే దర్శకుడికో నిర్మాతకో నేరుగా రాయండి, చాలామంది ఇష్టంగా జవాబిస్తారు.

ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు రాయాలి. తేదీ, చోటు, ఎన్ని కుర్చీలు, ఎన్ని ఆటలు, టికెట్టా ఉచితమా, ఏ ఫార్మాట్‌లో వేయగలరు, సబ్‌టైటిల్స్ ఏ భాషలో కావాలి: ఇవన్నీ మొదటి ఉత్తరంలోనే ఉండాలి. ‘మీ సినిమా వేయాలనుకుంటున్నాం, ఎంత అవుతుంది?’ అని ఒక్క ముక్క రాస్తే, వాళ్లు ఎదురు ప్రశ్నలు వేసి, మీరు జవాబులిచ్చేసరికే రెండు వారాలు పోతాయి. రుసుము ఒక ఆటకి ఇంత అని ఉండొచ్చు, లేదా కనీస మొత్తంతో పాటు వసూళ్లలో వాటా అడగొచ్చు. ఉచిత ప్రదర్శన అయితే ఆ మాట స్పష్టంగా చెప్పి తగ్గించమని అడగడంలో తప్పు లేదు. ఒప్పుకున్నాక అంతా రాతపూర్వకంగా తీసుకోండి. పరిశీలనకని పంపే ఆన్‌లైన్ లింకు ఎంపిక చేసుకోవడం వరకే, దాన్ని తెర మీద వేయకూడదు.

ప్రశ్న: మాది కొత్త క్లబ్, చేతిలో డబ్బు లేదు. రుసుము లేకుండా చూపించగల మంచి సినిమాలు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. అమెరికన్ యానిమేటర్ నీనా పేలీ తీసిన ‘సీతా సింగ్స్ ద బ్లూస్’ (2008) 82 నిమిషాల యానిమేషన్. రామాయణంలో సీత కథకీ ఈ కాలపు ఒక దాంపత్యానికీ ముడివేసిన సినిమా. 2013లో ఆమె దాని మీద తన హక్కులన్నీ వదులుకున్నారు. బ్లెండర్ అనే ఉచిత యానిమేషన్ సాఫ్ట్‌వేర్ వెనకున్న బ్లెండర్ ఫౌండేషన్ తీసిన చిన్న చిత్రాలు ‘బిగ్ బక్ బన్నీ’ (2008), ‘సింటెల్’ (2010), ‘టియర్స్ ఆఫ్ స్టీల్’ (2012) ఎవరైనా వేసుకోవచ్చు. తీసినవాళ్ల పేరు చెప్పాలన్నదే షరతు. ఒక్కోటి పావుగంటకి మించదు కాబట్టి పెద్ద సినిమాకి ముందు చక్కగా సరిపోతాయి.

మూకీల్లో కాపీరైటు తీరినవి చాలా ఉన్నాయి. అయితే ఇక్కడే పొరపాటు పడతారు. సినిమా పాతదే అయినా, దానికి కొత్తగా కట్టిన సంగీతానికీ, కొన్ని చోట్ల కొత్త పునరుద్ధరణకీ హక్కులు వేరే ఉండొచ్చు. కాపీరైటు గడువు కూడా దేశానికో తీరు. మీ దేశపు లెక్క చూసుకుని, సంగీతం మీ దగ్గరే ఎవరిచేతైనా వాయింపజేస్తే అసలు గొడవే ఉండదు. మూకీని ఎదురుగా వాయిస్తుండగా చూడడం తెలియనివాళ్లకి అదొక పండగ.

వేగం కూడా చూసుకోండి. సెకనుకి 16 ఫ్రేములతో తీసిన మూకీని 24తో వేస్తే పదిహేను నిమిషాల చిత్రం పదింట్లో అయిపోతుంది, మనుషులు గెంతుతున్నట్టు కనిపిస్తారు. అది ఆ సినిమా తీరు కాదు, వేసినవాళ్ల తప్పు.

ప్రశ్న: తొమ్మిది మీటర్ల పొడవున్న గది, నలభై కుర్చీలు. ఎంత తెర, ఎన్ని ల్యూమెన్ల ప్రొజెక్టర్ కావాలి?

జవాబు: చివరి వరుస నుంచి వెనక్కి లెక్క కట్టండి. తెర నుంచి చివరి కుర్చీ దూరం, బొమ్మ ఎత్తుకి ఆరు రెట్లు దాటితే సబ్‌టైటిల్ చదవడానికి కళ్లు చికిలించాలి. మీ చివరి వరుస సుమారు 8 మీటర్ల దగ్గర ఉంటుంది. 3 మీటర్ల వెడల్పు తెర మీద 16:9 బొమ్మ ఎత్తు 1.69 మీటర్లు, బాగానే సరిపోతుంది. అదే తెర మీద 2.39 నిష్పత్తి స్కోప్ సినిమా (వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు ఉండేది) వేస్తే బొమ్మ ఎత్తు 1.26 మీటర్లకి పడిపోతుంది. ఆ రోజున చివరి వరుస తీసేసి కుర్చీలు ముందుకి జరపండి.

ఇక వెలుగు. సినిమా హాళ్లలో తెర మీద ఉండాల్సిన ప్రమాణం చదరపు మీటరుకి 48 క్యాండెలాలు. మీ తెర వైశాల్యం 5 చదరపు మీటర్లు కాబట్టి, మామూలు తెల్ల తెరకి చీకటి గదిలో నికరంగా 760 ల్యూమెన్లు చాలు. కానీ రంగులు సరిగ్గా వచ్చే సినిమా మోడ్‌లో పెడితే పెట్టె మీద రాసిన వెలుగులో సగం దాకా పోతుంది, దీపం పాతబడే కొద్దీ ఇంకా తగ్గుతుంది. అందుకని 2500 నుంచి 3000 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లది (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు) తీసుకోండి. ఏ ల్యూమెన్లో చెప్పకుండా ఉత్త అంకె మాత్రం వేసినవాటిని నమ్మవద్దు. కిటికీలకి మందపాటి నల్ల గుడ్డ కట్టండి. తెర మీద నలుపు ఎంత నల్లగా ఉంటుందన్నది గది చీకటిని బట్టే. పక్కనుంచి వెలుగు పడుతుంటే ఎంత ఖరీదైన ప్రొజెక్టరూ ఏమీ చేయలేదు.

ప్రొజెక్టర్ దూరం తెలియాలంటే త్రో రేషియోని (తెర వెడల్పుకి ప్రొజెక్టర్ దూరం ఎన్ని రెట్లో చెప్పే అంకె) తెర వెడల్పుతో గుణించండి. 1.5 అయితే మీ తెరకి 4.5 మీటర్లు, అంటే కుర్చీల మధ్యలో పడుతుంది. 2 ఉన్నది దొరికితే 6 మీటర్ల దగ్గర వెనకగా పెట్టుకోవచ్చు, లేదా పైకప్పుకి బిగించాలి. వంకరగా పెట్టి, బొమ్మ ఆకారాన్ని దిద్దే కీస్టోన్ అనే సెట్టింగుతో సరిచేయడం ఆఖరి మార్గం. అది బొమ్మని కుదించి పిక్సెళ్లు తినేస్తుంది, సన్నటి అక్షరాల అంచులు ముందుగా చెడేది దానివల్లే.

తెర కింది అంచు నేల నుంచి కనీసం 1.2 మీటర్ల ఎత్తున ఉండాలి, కూర్చున్న మనిషి తల దాదాపు అంత ఎత్తుకి వస్తుంది. పైకప్పు తక్కువైతే ఒక వరుస కుర్చీలని పక్క వరుసకి అర కుర్చీ జరిపి వేయండి. ప్లేయర్‌లో సబ్‌టైటిల్‌ని కాస్త పైకి జరపొచ్చు కూడా.

ప్రశ్న: సబ్‌టైటిల్స్ మొదట్లో బాగానే ఉండి, గంట గడిచేసరికి మాట కంటే ముందే వచ్చేశాయి. ఇంకోసారి తెలుగు సబ్‌టైటిల్స్ వేస్తే ఒత్తులు విడిపోయాయి. ఏం చేయాలి?

జవాబు: సబ్‌టైటిల్ తప్పడంలో మూడు రకాలున్నాయి, మందు వేరువేరు.

సినిమా మొదలు నుంచి చివరి దాకా ఒకే తేడా ఉంటే అది ఉత్త ఆలస్యం. వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలు నొక్కితే ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

తేడా పోనుపోనూ పెరుగుతుంటే ఫ్రేముల వేగం కలవలేదన్నమాట. మీకు జరిగింది ఇదే. సెకనుకి 25 ఫ్రేముల కాపీకి రాసిన సబ్‌టైటిల్స్‌ని 23.976 కాపీకి తగిలిస్తే గంట దగ్గర రెండున్నర నిమిషాలు ముందుకి వచ్చేస్తాయి. ఎన్ని మీటలు నొక్కినా ఇది కుదరదు. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి ఫ్రేమ్ రేట్ 25 నుంచి 23.976కి మార్చండి, అప్పుడు ప్రతి సమయమూ 1.0427 రెట్లవుతుంది. తర్వాత మొదటి మాటా, ఆఖరి మాటా రెండూ సరిచూడండి. రెండూ కలిస్తే మధ్యవి చాలావరకు కలిసినట్టే.

ఒకచోట దాకా సరిగ్గా ఉండి హఠాత్తుగా తప్పితే అది వేరే ఎడిటింగ్ ఉన్న కాపీ. ఆ కాపీకి రాసిన ఫైలే సంపాదించాలి.

తెలుగు విషయానికొస్తే, ఫైలుని యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరచండి, లేకపోతే ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ప్లేయర్ సెట్టింగుల్లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు ఎంచుకోండి. అయినా ‘స్త్రీ’ అన్న మాట ముక్కలైతే ఆ ప్లేయర్ మన లిపిని సరిగ్గా అమర్చలేకపోతోందన్నమాట. అప్పుడు హక్కుదారుని అడిగి, అక్షరాలని బొమ్మలోనే ముద్రించిన కాపీ తయారుచేసుకోవడం మేలు. అసలు తెలుగులోకి అనువదించడానికి కూడా వాళ్ల అనుమతి కావాలి.

రాసేటప్పుడు రెండు వరుసలు దాటకండి. ఒక సబ్‌టైటిల్ సెకను కంటే తక్కువా, ఏడు సెకన్ల కంటే ఎక్కువా ఉండకూడదు. మన ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు కంటే ఎక్కువ ఇవ్వాలి. వరుస ఎక్కడ విరవాలన్నది కూడా చూడండి. ‘ఆయన రాలేదని / అమ్మ చెప్పింది’ అంటే ఒక్క చూపులో అందుతుంది. ‘ఆయన రాలేదని అమ్మ / చెప్పింది’ అంటే కన్ను కిందికి దిగి మళ్లీ పైకి పోతుంది. తెల్ల అక్షరానికి నల్ల అంచు తప్పనిసరి, మంచు దృశ్యం వచ్చిందంటే అంచు లేని అక్షరం మాయమైపోతుంది.

ప్రశ్న: పాటలూ తుపాకులూ చెవులు బద్దలు కొడుతున్నాయి, మాటలు మాత్రం వినబడవు. స్పీకర్లు కొత్తవే.

జవాబు: స్పీకర్ల తప్పు కాకపోవచ్చు. 5.1 శబ్దంలో (ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ విడివిడిగా పంపేది) సంభాషణ చాలావరకు మధ్య ఛానెల్‌లో ఉంటుంది. మీకున్నవి ఎడమ, కుడి రెండే. ప్లేయర్ 5.1గానే పంపుతుంటే మధ్య ఛానెల్ ఎక్కడా పలకదు. ఆడియో సెట్టింగుల్లో స్టీరియోకి కలిపి పంపమని పెట్టండి, మాటలు తిరిగి వస్తాయి. అప్పటికీ తక్కువనిపిస్తే, మనుషులు నెమ్మదిగా మాట్లాడుకునే దృశ్యం వేసి దాన్ని బట్టి వాల్యూమ్ పెట్టండి, సంగీతాన్ని బట్టి కాదు. ఖాళీ గదిలో పెట్టిన వాల్యూమ్ జనం నిండాక చాలదు, బట్టలూ ఒళ్లూ శబ్దాన్ని పీల్చుకుంటాయి.

బ్లూటూత్ వాడకండి, పెదవులకీ మాటకీ పొంతన తప్పుతుంది. ‘గుయ్’మని మోత వస్తుంటే లాప్‌టాప్, ప్రొజెక్టర్, యాంప్లిఫయర్ మూడింటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి ఇవ్వండి. మోత పోవడానికి ఎర్త్ పిన్ను విరవడం ప్రాణాంతకం, ఎవరు చెప్పినా చేయవద్దు.

ప్రశ్న: నిర్మాత హార్డ్‌డిస్క్ పంపారు. లాప్‌టాప్‌కి పెట్టగానే ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతోంది. చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. దయచేసి ‘సరే’ నొక్కకండి, సినిమా మొత్తం చెరిగిపోతుంది. అది డీసీపీ అయ్యుంటుంది, అంటే సినిమా హాళ్ల సర్వర్లకి ఇచ్చే కాపీ. ఆ డిస్కులని సాధారణంగా లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పద్ధతిలో తయారుచేస్తారు, విండోస్ వాటిని చదవలేక అలా అడుగుతుంది. లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో పెడితే ఫైళ్లు కనిపిస్తాయి. తాళం వేయని డీసీపీ అయితే డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ప్లేయర్‌లో ఆడించవచ్చు, దానికి గట్టి కంప్యూటర్ కావాలి. తాళం వేసినదైతే ఫలానా సర్వర్‌కి, ఫలానా తేదీల మధ్య మాత్రమే పనిచేసే కేడీఎమ్ అనే తాళంచెవి ఫైలు ఉండాలి, మీ లాప్‌టాప్‌లో అది పనికిరాదు. డిస్కు తిప్పి పంపేసి మామూలు కంప్యూటర్‌లో ఆడే హెచ్.264 వీడియో ఫైలో బ్లూ-రేనో అడగండి. బ్లూ-రే అయితే రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే కోడు) ఏదో ముందే కనుక్కోండి.

ప్రశ్న: ఆరుబయట వేయాలంటే ఏం జాగ్రత్తలు?

జవాబు: గాలి. 4 మీటర్ల వెడల్పు తెర అంటే 9 చదరపు మీటర్ల తెరచాప. గంటకి 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే దాని మీద 50 కిలోల బరువుని మించిన తోపుడు పడుతుంది. అందుకే గుడ్డని బిగించి కట్టేయకుండా అంచుల వెంట అడుగు దూరానికో కన్నం పెట్టి సాగే తాళ్లతో కట్టాలి, స్తంభాలకి వెనకా ముందూ ఊతం ఇవ్వాలి. గాలి పెరిగితే ఆట ఆపి తెర దించేయండి. సూర్యాస్తమయం తర్వాత కనీసం అరగంట దాకా మొదలుపెట్టవద్దు. కరెంటు పోతే వేడి ప్రొజెక్టర్‌లో ఫ్యాను ఆగి దీపం దెబ్బతింటుంది కాబట్టి దానికీ లాప్‌టాప్‌కీ యూపీఎస్ పెట్టండి.

ప్రశ్న: సినిమా అవగానే అందరూ లేచి వెళ్లిపోతున్నారు. చర్చ జరగడం లేదు.

జవాబు: పేర్లు పడుతుండగానే లైట్లు వేస్తున్నారేమో చూడండి. లైటు పడిందంటే ఇక లేవమని చెప్పినట్టే. పేర్లు చివరిదాకా ఆడనివ్వండి, తర్వాత గోడ పక్కన ఒక్క చిన్న దీపం వెలిగించి ఐదు నిమిషాలు వదిలేయండి. వెళ్లాల్సినవాళ్లు వెళ్తారు, మిగిలినవాళ్లు చర్చకే మిగులుతారు. కుర్చీలు గుండ్రంగా తిప్పుకోమనండి.

‘సినిమా ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ దగ్గరే ఆగిపోతుంది. ‘ఏ దృశ్యం కళ్లలో నిలిచింది?’ అని అడగండి. ఒకరు తలుపు దగ్గర నిలబడ్డ పిల్లని గుర్తుచేస్తారు, ఇంకొకరు ఆ తలుపు మూసిన శబ్దం చెబుతారు, అక్కడినుంచి మాట సాగుతుంది. ముందుమాట ఐదు నిమిషాలు దాటకూడదు, కథ చెప్పకూడదు. తీసిన దేశం, సంవత్సరం, నిడివి, ఎంత నింపాదిగా నడుస్తుందో చెబితే చాలు. మొదటి కొన్ని నెలలు వంద నిమిషాల లోపు సినిమాలే వేయండి, మాట్లాడుకోవడానికి రాత్రి మిగులుతుంది.