నాయన లారీకి కమ్మిన్స్ ఇంజిన్ వేయించనా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా నాయన 1986లో తీసుకున్న టాటా 1210 లారీ ఆయన పోయాక నా పేరు మీదికి మార్చుకున్నాను. సీజన్‌లో దామలచెరువు మండీ నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు మామిడి, మిగతా రోజుల్లో బెల్లం, ఇటుకలు తోలతాను. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఖర్చులన్నీ పోను 1.4 లక్షలు మిగులుతోంది. సొంత ఇంజిన్ 692 బాగా అరిగిపోయింది. ఆయిల్ తాగుతోంది, లీటరుకు 4 కిలోమీటర్లే ఇస్తోంది. పాత సామాన్ల షెడ్డులో కమ్మిన్స్ 6బీటీ ఇంజిన్ ఉందని, బిగించి ఇస్తే 2.4 లక్షలని, లీటరుకు 5 వస్తుందని మేస్త్రి అంటున్నాడు. ఉన్న ఇంజిన్‌కే పని చేయిస్తే 1.3 లక్షలట. 4.5 లక్షల ఎఫ్‌డీ ఉంది, వడ్డీ 6.8 శాతం. అది వచ్చే ఏడాది పాప ఇంజనీరింగ్ కోసం దాచింది. నా భార్య నగల మీద 1.5 లక్షల లోను 9.5 శాతానికి నడుస్తోంది. ఎఫ్‌డీ కదిలించకుండా, ఇంజిన్ డబ్బులు తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నా. పాత ఇనుము వాళ్లు బండిని 1.6 లక్షలకు అడుగుతున్నారు గానీ అమ్మడానికి మనసు రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: బండి అమ్మొద్దు. కమ్మిన్స్ వేయించొద్దు. రెండు రూపాయల వడ్డీ జోలికి అసలే పోవద్దు. ఉన్న 692కే పని చేయించండి, ఆ డబ్బు ఎఫ్‌డీలోంచే తీయండి. ఎందుకో చెబుతాను.

ముందు అమ్మకం సంగతి. 1.6 లక్షలకు అడుగుతున్న బండి ఏడాదికి 1.4 లక్షలు మిగులుస్తోంది. తన పాత ఇనుము ధర దాదాపుగా ఏటా సంపాదించి పెడుతున్న వస్తువును తూకానికి వేయడం దేనికి? మీ మనసు ఒప్పకపోవడం ఒక కారణమైతే కావచ్చు. నా లెక్క మాత్రం బాడుగ డబ్బుల మీదే. ఎఫ్‌సీ (బండి రోడ్డుకు పనికొస్తుందని ఆర్‌టీఓ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దొరికినన్నాళ్లు ఆ బండి ఉండాల్సిందే.

ఇక వడ్డీ. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 2.4 లక్షల మీద ఏడాదికి 57,600 రూపాయలు వడ్డీకే పోతుంది. మేస్త్రి చెప్పిన మైలేజీ నిజంగానే వచ్చిందనుకుందాం. 12,000 కిలోమీటర్లకు ఇప్పుడు 3,000 లీటర్లు పోస్తున్నారు, అప్పుడు 2,400 లీటర్లు చాలు. డీజిల్ లీటరు 97 రూపాయలు వేసుకుంటే 600 లీటర్లకు మిగిలేది 58,200. అంటే ఏడాదంతా బండి తోలితే వడ్డీ పోను మీ చేతికి 600 రూపాయలు. అసలు అలాగే ఉంటుంది.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఆ మైలేజీ లెక్కలోనే ఉంది. మేస్త్రి కమ్మిన్స్‌ను అరిగిపోయిన 692తో పోలుస్తున్నాడు. పోల్చాల్సింది పని చేయించిన 692తో. బోరు (సిలిండరు లోపలి రంధ్రం), రింగులు, డీజిల్ పంపు, నాజిళ్లు సరిచేస్తే అదే ఇంజిన్ లీటరుకు నాలుగున్నర ఇచ్చినా చాలు, ఏడాదికి 2,667 లీటర్లతో సరిపోతుంది. అప్పుడు కమ్మిన్స్ అదనంగా మిగిల్చేది 267 లీటర్లు, సుమారు 25,900 రూపాయలు. దానికోసం మీరు అదనంగా ఎంత పెడుతున్నారో చూడండి.

2.4 లక్షలు అక్కడ ఆగదు. పాత బండికి వేరే ఇంజిన్ వేయించినవాళ్లెవరిని అడిగినా ఇంజిన్ ధర గుర్తుండదు, దాని వెనకాల వచ్చిన సామాను బిల్లులే గుర్తుంటాయి. 692 అంటే ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు, 4,788 సీసీ. దాని తర్వాతి 697 బోరు 97, సీసీ 5,675. ఆ రెండూ ఒకే వంశం. డైమ్లర్-బెంజ్‌తో టాటాల ఒప్పందం 1969లోనే ముగిసినా ఆ రక్తం వీటిలో కనిపిస్తుంది, అందుకే మనవైపు ముసలి డ్రైవర్లు ఇప్పటికీ బెంజి బండి అంటారు. కమ్మిన్స్ 6బీటీ 5,883 సీసీ. వంశమే వేరు. టాటా బండ్లలోకి అది 1990లలో జంషెడ్‌పూర్‌లో టాటా కమ్మిన్స్ పెట్టాక వచ్చింది. "అదీ టాటా బండిదే కదా, కూర్చుంటుంది" అన్న మాట మీద ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వొద్దు.

కూర్చోవాలంటే ఏమేం కలవాలి? మొదటిది ఇంజిన్ వెనక బెల్ హౌసింగ్, అంటే ఫ్లైవీలునూ క్లచ్‌నూ కప్పే డొప్ప. గేర్‌బాక్సు ముందు భాగం దానికి బోల్టు బోల్టుకూ కలవాలి. కలవకపోతే మధ్యలో ఒక ఇనుప ప్లేటు కోయించి బిగిస్తారు. అక్కడే ప్రాణం పోతుంది. క్రాంకు (ఇంజిన్‌లో తిరిగే పెద్ద ఇరుసు) కేంద్రం, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కేంద్రం ఒకే గీతలో ఉండాలి. దాన్ని చూడటానికి ఫ్లైవీలు మీద డయల్ గేజీ నిలబెట్టి చుట్టూ తిప్పుతారు. ముల్లు హద్దు దాటి కొద్దిగా అటూ ఇటూ ఊగినా కంటికి ఏమీ తెలియదు, బండి కదులుతుంది కూడా. కొన్ని నెలలు పోయాక స్పిగాట్ బేరింగు (గేర్‌బాక్సు షాఫ్టు కొనను క్రాంకులో పట్టి ఉంచే బేరింగు) అరుస్తుంది, గేరు జారుతుంది, క్లచ్ ప్లేటు మధ్య పళ్లు తినేసి ఉంటాయి. మీ మేస్త్రి దగ్గర డయల్ గేజీ ఉందేమో అడగండి. "చేత్తో చూస్తే తెలిసిపోతుంది సార్" అన్నాడంటే ఆ షెడ్డు ఆ పనికి కాదు.

క్లచ్ ప్లేటు సైజు, దాని మధ్య పళ్ల లెక్క గేర్‌బాక్సు షాఫ్టుకు సరిపోవాలి. కింద ఆయిల్ చాంబరు ముందు యాక్సిల్‌కు తగలకూడదు, కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) పూర్తిగా నొక్కుకున్నప్పుడు కూడా. ఫ్యాను రేడియేటరుకు మరీ దగ్గరైనా, మరీ దూరమైనా ఎండాకాలం చిత్తూరు ఎండలో బండి ఉడికిపోతుంది. 6బీటీ టర్బో ఉన్న ఇంజిన్ కాబట్టి పాత రేడియేటరు చాలకపోవచ్చు, సైలెన్సరు గొట్టం కొత్తగా వంచాలి. బ్రేకులకు గాలి అందించే కంప్రెసరో వాక్యూమ్ అందించే పంపో ఏ వైపు ఉంది, స్టార్టరు 12 వోల్టులా 24 వోల్టులా, ఇవన్నీ చిన్నవే. ఒక్కోటి వెయ్యి నుంచి పది వేల దాకా తింటాయి.

కొలవకుండా వదిలేసేది వెనక హౌసింగ్, అంటే వెనక చక్రాలను తిప్పే గేర్లుండే యాక్సిల్ డొప్ప. దాని లోపలి క్రౌను, పినియను అనే గేర్ల పళ్లను కంపెనీవాళ్లు అప్పటి ఇంజిన్ తిరిగే వేగానికి తగ్గట్టు పెట్టారు. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లాగే ఇంజిన్ పెట్టి హౌసింగ్ అలాగే ఉంచితే టాప్ గేరులో బండి ఇంజిన్ అరుస్తూనే పోతుంది, మేస్త్రి చెప్పిన మైలేజీ రాదు. పైగా ఆ లాగుడంతా నలభై ఏళ్ల నాటి ప్రొపెల్లర్ షాఫ్టు, క్రాసుల మీద పడుతుంది. ఇంజిన్ బలం పెరిగితే లోడు కూడా పెంచుతారు, అది మన స్వభావం. మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు హాయిగానే ఉంటుంది. దిగేటప్పుడు ఆ బండిని ఆపాల్సింది 1986 నాటి బ్రేకులే.

ఇవన్నీ కలిపితే 2.4 లక్షలు 4 లక్షలు కావడానికి ఎక్కువ రోజులు పట్టదు. 4 లక్షలే అనుకుందాం. సొంత ఇంజిన్ పనికంటే 2.7 లక్షలు ఎక్కువ. ఏడాదికి 25,900 చొప్పున అది తిరిగి రావడానికి పదేళ్లు దాటుతుంది. పదేళ్ల తర్వాత బండికి యాభై ఏళ్లు. వడ్డీ ఇందులో కలపనే లేదు.

ఇప్పుడు కాగితాల సంగతి. నన్నడిగితే దీన్నే ముందు చూడాలి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఇంజిన్ పాడైతే అదే తయారీ, అదే రకం ఇంజిన్‌తో మార్చుకోవడం వేరు. దానికి ఆర్‌టీఓ దగ్గర ముందు అనుమతి తీసుకుని, తర్వాత కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 692 స్థానంలో 6బీటీ అంటే సీసీ మారుతుంది, హార్స్‌పవర్ మారుతుంది, రకమే మారుతుంది. 2019 సవరణతో అదే చట్టంలోకి వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు.

జరిమానా కంటే నాకు భయం ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఎఫ్‌సీ ఏటా చేయించాలి. ఏటా ఎవరో ఒకరు చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చూస్తారు. ఒక్క ఏడాది ఆగిపోయినా మామిడి సీజన్ మొత్తం పోతుంది. దేవుడు వద్దనుగాక, రోడ్డు మీద మనిషికి ఏదైనా జరిగితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది ఆర్‌సీనే. ఇంజిన్ వేరని తేలితే డబ్బు బాధితుడికి కట్టినా తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోవడానికి దారి వెతుకుతుంది. అది లక్షల్లో ఉంటుంది. ఆ రోజు పోయేది లారీ కాదు, ఇల్లూ పొలమూ.

షెడ్డులో ఉన్న ఇంజిన్ ఏ బండిదో కూడా తెలియదు. రద్దయిన ఆర్‌సీ కాగితం, ఇంజిన్ నంబరు రాసిన బిల్లు లేకపోతే అది దొంగ బండి ఇంజిన్ కాదని మీరెలా చెప్పగలరు?

ఇది చదివే జీపు యజమానులకు ఒక మాట. 2021లో వచ్చిన వింటేజి నిబంధనల కింద యాభై ఏళ్లు దాటిన సొంత వాడకం జీపులు, కార్లు, బైకులు పదేళ్ల రిజిస్ట్రేషన్ తెచ్చుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు. షరతు ఏమిటంటే చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. నాయన విల్లీస్ జీపుకు డీజిల్ ఇంజిన్ వేద్దామనుకునేవాళ్లు ఆ లెక్క కూడా వేసుకోండి. సరుకు తోలే మీ లారీకి ఆ దారి లేదు.

కాబట్టి 692 పని. విప్పకముందే కంప్రెషన్ చూపించండి, ఆరు సిలిండర్లలో ఏది ఎంత చూపిస్తోందో కాగితం మీద రాయించండి. ఆయిల్ పోసే మూత తీసి ఇంజిన్ నడిపిస్తే అక్కడినుంచి ఎంత పొగ కొడుతోందో మీకే కనిపిస్తుంది. విప్పాక క్రాంకు కొలత మీ ఎదురుగా తీయమనండి. గ్రైండింగ్ చేసినప్పుడల్లా క్రాంకు కాస్త సన్నబడుతుంది, 0.25, 0.50 మిల్లీమీటర్లు తక్కువ అని సైజులుంటాయి, మీ నాయనగారి కాలంలోనే ఎన్నిసార్లు గ్రైండింగ్ అయిందో దాన్ని బట్టే ఈసారి క్రాంకు పనికొస్తుందా లేదా తేలుతుంది. పనికిరాకపోతే కాగితాలున్న 692 క్రాంకు గానీ హాఫ్ ఇంజిన్ (పై హెడ్డు లేకుండా కింది బ్లాకు భాగం) గానీ వెతకాలి. హాఫ్ ఇంజిన్ అయితే నంబరు మారుతుంది, ఆర్‌టీఓ అనుమతి మరవొద్దు. చిత్తూరులో ఒకటి, తిరుపతి ఆటోనగర్‌లో ఒకటి, వేలూరులో ఒకటి కొటేషన్ తీసుకోండి. సామాను వేరు, లేతు పని వేరు, కూలి వేరు, పంపు క్యాలిబ్రేషన్ వేరుగా రాయించండి. "అంతా కలిపి" అనే ధర ఒప్పుకోవద్దు.

డబ్బు ఇలా సర్దండి. ఎఫ్‌డీ 4.5 లక్షల్లోంచి 1.5 లక్షలతో బంగారు లోను కట్టేయండి. 6.8 తెచ్చుకుంటూ 9.5 కడుతున్నారు, అందులో అర్థం లేదు. మధ్యలో తీసినందుకు బ్యాంకు అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గించినా మీకు పెద్దగా నష్టం ఉండదు. నగలు ఇంట్లో ఉంటే రేపు అత్యవసరానికి అవే ఆసరా. ఇంజిన్ పనికి 1.3 లక్షలు, విప్పాక బయటపడే వాటికి 20,000. ఆ 1.5 లక్షలు దాటితే పని ఆపి నాకు రాయండి. మిగిలిన 1.5 లక్షలు మళ్లీ ఎఫ్‌డీగా పాప మొదటి ఏడాదికి.

పాప చదువుకు డబ్బు తగ్గిపోయిందని భయపడకండి. 4 లక్షల దాకా విద్యా రుణానికి బ్యాంకులు తాకట్టు అడగవు, వడ్డీ మీ రెండు రూపాయల వడ్డీలో సగం కూడా ఉండదు. అప్పు చేయాల్సి వస్తే చదువుకు చేయండి. అలాగే బంగారు లోను వడ్డీ 14,250, పని చేయించిన 692 మెరుగైన మైలేజీతో ఆదా చేసే 333 లీటర్ల మీద మిగిలే 32,000 చిల్లర, రెండూ కలిపి నెలకు 3,800 పైన అవుతాయి. దాన్ని బ్యాంకులో నెలనెలా ఆర్‌డీగా కట్టండి. సీజన్‌లో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ వస్తుంది కాబట్టి మామిడి డబ్బులు చేతికొచ్చినప్పుడే ఆర్నెల్ల వాయిదాలు పక్కన పెట్టుకోండి.

చివరగా పన్ను. ఇంజిన్ ఖర్చు చూపించి పన్ను తగ్గించుకుందామని మేస్త్రో మరెవరో చెప్పి ఉంటే పట్టించుకోకండి. మీలాంటి ఒక్క లారీ యజమానులు అసలు లెక్కలు కాకుండా బండి బరువును బట్టి కట్టే అంచనా ఆదాయం (1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 44ఏఈ) చూపిస్తారు, అందులో రిపేరు ఖర్చులకు విడిగా మినహాయింపు లేదు. ఆర్‌సీ తీసి మొత్తం బరువు ఎంత రాశారో చూడండి. 12,000 కిలోలు, అంతకు లోపు అయితే నెలకు 7,500 లెక్క. దాటితే టన్నుకు 1,000 చొప్పున నెలకు 12,000 పైనే అవుతుంది. ఆ అంకె నాకు పంపండి.