ముందు చిత్తుప్రతి, తర్వాతే విమానం

చిరంజీవి అమ్మలుకు,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. ఇంగ్లండ్‌లో క్రియేటివ్ రైటింగ్ ఎంఏకి సీటు వచ్చిందనీ, ఉద్యోగం మానేసి లోను తీసుకుని వెళ్లాలా వద్దా అన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదనీ రాశావు. అన్నయ్య కూడా ఫోన్ చేసి "నువ్వయినా చెప్పరా, నీ మాటయితే వింటుంది" అన్నాడు. నేను ఆయన తరఫున రాయడం లేదు. నలభై ఏళ్లుగా నవలలు రాస్తున్నవాడిగా, నువ్వు మంచి నవలా రచయిత్రివి కావాలని మనసారా కోరుకునే బాబాయిగా రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. వెళ్లు, కానీ ఈ ఏడాది వద్దు. సీటు ఒక ఏడాది వాయిదా వేయమని ఆ యూనివర్సిటీకి రాసి చూడు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఈలోగా నీ నవల మొదటి చిత్తుప్రతి చివరి పేజీ దాకా రాసెయ్యి. బాగా వచ్చినా రాకపోయినా ముగించు.

ఎందుకో చెబుతాను. అమెరికాలో అయోవా యూనివర్సిటీ వాళ్లు 1936లో ఈ వర్క్‌షాప్ పద్ధతి చదువు మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ 1970లో అందుకుంది. "అక్కడ చదివిన నవలా రచయిత ఇషిగురోకి 2017లో నోబెల్ వచ్చింది బాబాయ్" అని రాశావు, నిజమే. ఆ తరగతిలో జరిగేది ఏమిటంటే, నువ్వు రాసిన ఇరవై ముప్ఫై పేజీలు తోటివాళ్లందరికీ ముందే ఇస్తారు. వాళ్లు చదివి వచ్చి, బల్ల చుట్టూ కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటారు. చాలా తరగతుల్లో అంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. సంజాయిషీ ఇచ్చుకోకుండా వినడం చాలా గొప్ప శిక్షణ. అది నాకు దొరకలేదు, నీకు దొరుకుతుందంటే సంతోషంగా ఉంది. కానీ అక్కడ ఎప్పుడూ ముక్కలే చూస్తారు. ఇరవై పేజీలు చూసి 210వ పేజీలో కథ ఎందుకు కుంటుతోందో ఎవరు చెప్పగలరు? మొదటి అధ్యాయం ఒక్కటీ పట్టుకుని వెళ్తే ఏడాదంతా దాన్నే తోముకుంటూ కూర్చుంటావు. మొత్తం కథ చేతిలో ఉంటే, ఎక్కడ నొప్పో తెలిసి డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు ఉంటుంది.

మా కాలంలో మాకు వారపత్రికలే బడి. తొలి తెలుగు నవలల్లో ఒకటి పుట్టిందే పత్రికలో కదా. కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో మొదలై, పుస్తకంగా వచ్చింది 1880లో. నా మొదటి సీరియల్ ఇరవై ఆరు వారాలు నడిచింది. ప్రతి సోమవారం బస్సు కండక్టరు చేతికి కవరు ఇచ్చి పంపేవాణ్ణి. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లి జరుగుతున్నా సోమవారం ఆగేది కాదు. అంతకుముందు జరిగింది ఒకటి నీకు చెప్పాలి. ఆ నవల రాతప్రతి పట్టుకుని విజయవాడ వెళ్తే, ఎడిటర్ గారు నా ఎదుటే చదువుతూ మొదటి పద్దెనిమిది పేజీల మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీతలు కొట్టారు. పంతొమ్మిదో పేజీ నెత్తిన "కథ ఇక్కడ మొదలైంది" అని రాసి కాగితాలు నా చేతిలో పెట్టారు. ఆ పద్దెనిమిది పేజీల్లో ఊరి వర్ణన, వంశ చరిత్ర, సూర్యోదయం అన్నీ ఉన్నాయి. తిరుగు రైల్లో ఒంగోలు దాకా ఆయన మీద కోపంతో ఊగిపోయాను. ఇంటికొచ్చి చదివితే ఆయన చెప్పిందే నిజం.

ఇప్పుడు ఆ వారపత్రికలు చాలావరకు లేవు. నెలకో నవల వేసిన చతుర కూడా 2021లో ఆగిపోయింది. అంటే గడువు, ఎడిటరు, పాఠకుడు, ఈ మూడూ ఇప్పుడు నువ్వే వెతుక్కోవాలి. ఆ కోర్సు నీకు ఇచ్చేది ముఖ్యంగా వీటినే. ఈ ఏడాది వాటిని ఇక్కడే ఏర్పాటు చేసుకో. అమెరికా తెలుగు సంఘాలు అప్పుడప్పుడూ నవలల పోటీలు పెడుతుంటాయి. బహుమతి మాట అలా ఉంచు, ఆ ఆఖరు తేదీ కోసమైనా రాయి. రోజూ ఆఫీసుకు వెళ్లేముందు రెండు పేజీలు. ఆదివారం రాయకపోయినా పరవాలేదు. అలా రాస్తే ఆరేడు నెలల్లో ఒక చిత్తుప్రతి తయారవుతుంది.

ఇక నువ్వు పంపిన పేజీల సంగతి. పొగాకు వేలం ఘట్టంలో "బేళ్లు నోబిడ్ కావడంతో తాతయ్య హృదయం ముక్కలైంది" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. హృదయం ముక్కలవడం ఎవరికీ కనపడదు. తన బేళ్లకు ఎవరూ ధర పాడని ఆ నిమిషంలో ఆయన ఏం చేశాడు? విప్పిన గోనెపట్టాను మళ్లీ కప్పాడా? తాడు తనే బిగించాడా, కూలీని పిలిచాడా? తిరుగు ట్రాక్టరు కిరాయి ఎవర్ని అడిగాడు? పక్క ఊరి రైతు బేలు అమ్ముడుపోతే అటు చూశాడా, చూడనట్టు ఉన్నాడా? వీటిలో ఒక్కటి సరిగ్గా రాయి, చాలు. అదే పేజీలో, ఆకు అల్లే ఆడవాళ్లు ఎన్నిసార్లు చేతులు కడిగినా వేళ్లకు పట్టిన జిగురు వదలక అన్నం చేదెక్కేదని రాశావు చూడు, అక్కడ నేను పుస్తకం పక్కన పెట్టినట్టు కాసేపు ఆగిపోయాను. చిన్నప్పుడు పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర మా అమ్మ చేతి ముద్ద నాకు అలాగే ఉండేది. నీకు ఆ కన్ను ఉంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఇంకో సంగతి గమనించాను. సీటు కోసం నువ్వు పంపిన ఇంగ్లిష్ పేజీల్లో బ్యారన్ అంటే ఏమిటో, నోబిడ్ అంటే ఏమిటో వివరించడానికే రెండు పేరాలు పోయాయి. తెలుగులో ఆ అవసరం రాలేదు, మనుషులు నేరుగా మాట్లాడుకున్నారు. నువ్వు ఏ భాషలో రాయాలో నేను చెప్పను. కానీ తెలుగులోనే రాస్తానంటే ఒకటి గుర్తుంచుకో. కథ కట్టుబడి గురించి అక్కడివాళ్లు చక్కగా చెప్పగలరు, నీ తెలుగు వాక్యం బాగుందో లేదో చెప్పలేరు. దానికి ఇక్కడ ఇద్దరు ముగ్గురు కచ్చితమైన పాఠకులు కావాలి. మొహమాటపడే స్నేహితులు పనికిరారు. ఇంగ్లిష్‌లోనే అయితే, ఉద్యోగం చేస్తూనే చదివేలా ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ (ఇగ్నో)లో క్రియేటివ్ రైటింగ్‌కి దూరవిద్య డిప్లొమా ఉంది, ఒకసారి కనుక్కో.

కథాకాలం కోసం గూగుల్ చాలదు. ఒక శనివారం వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లు. 1918 నుంచీ ఉన్న గ్రంథాలయం. పాత పత్రికల్లో కథల కంటే ప్రకటనలు ఎక్కువ చదువు. సబ్బు ధర, సైకిల్ ధర, పెళ్లి ప్రకటనల్లో మాటతీరు, అన్నీ అక్కడ దొరుకుతాయి.

డబ్బు గురించి దాపరికం లేకుండా చెబుతాను. నేను బతికింది బడి జీతం మీద. నవలల మీద కాదు. నా పుస్తకాల్లో బాగా పోయినదే వెయ్యి కాపీలు అమ్ముడవడానికి నాలుగేళ్లు పట్టింది. కాబట్టి ఉద్యోగం ఇప్పుడే వదలొద్దు. ప్రొఫెషనల్‌గా రాయడమంటే దాని మీదే బతకడం అని అనుకోకు. చెప్పిన రోజుకు ఇవ్వడం, ప్రూఫులు ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడటం, కాగితం చదివి సంతకం పెట్టడం కూడా అదే. ఆ చివరిదాంట్లో నేను దెబ్బతిన్నాను. ఒక పుస్తకానికి "సర్వహక్కులు" అన్న ఒంటిపేజీ కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను. తర్వాత దాన్ని టీవీ సీరియల్‌గా తీస్తే నాకు రూపాయి రాలేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాతపూర్వకంగా, సంతకంతో ఇస్తేనే చెల్లుతాయి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు, ఎక్కడికో రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు లెక్క. ప్రింటు, ఆడియో, అనువాదం, సినిమా, దేనికది విడివిడిగా రాయించుకో. నీ తదనంతరం 60 ఏళ్ల దాకా ఉండే ఆస్తి అది.

ఉగాదికి ఒంగోలు వస్తావుగా. అప్పటికి ఎన్ని పేజీలైతే అన్ని ప్రింట్ తీసి తీసుకురా. అక్షరాలు పద్నాలుగు పాయింట్లకు తగ్గకుండా, పక్కన రాసుకోవడానికి మార్జిన్ వదిలి తీయించు. వేలం ఘట్టం మాత్రం తిరగరాసి తీసుకురా. పిన్ని నిద్రపోయాక వరండాలో కూర్చుని పైకి చదువుదువుగాని, నేను వింటాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి