రాగితీగ పోతే ఫోన్ మోగుతుందా?

ప్రశ్న: మా ల్యాండ్‌లైన్ వయసు ఇరవై ఎనిమిదేళ్లు. మొన్నటి వానలకి గరగరమని, ఇప్పుడు పూర్తిగా మూగబోయింది. పాత కేబుల్ ఇక బాగుచేయరట, ఫైబర్ వేయించుకుంటే ఫోను అందులోనే వస్తుందంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయేమో ‘‘వాట్సాప్ ఉందిగా, ఇంకా ఫోనెందుకమ్మా’’ అంటోంది. ఇంట్లో ఇద్దరమే ఉంటాం. మావారు గుండె జబ్బు మనిషి. రాత్రిపూట కరెంటు పోతే ఆ ఫైబర్ ఫోను పలుకుతుందా? పాత నంబరు ఉంటుందా?
- ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, కరెంటు సంగతి అడిగారు చూడండి, ముందు అడగాల్సింది అదే. నేను ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. వెనకగదిలో రెండేసి వోల్టుల బ్యాటరీలు 24 వరసగా ఉండేవి, మొత్తం 48 వోల్టులు. తలుపు తీస్తే ఆసిడ్ వాసన గుప్పుమనేది. ఊళ్లో ప్రతి ఫోనుకీ కరెంటు ఆ గదిలోంచే, మాట నడిచే ఆ రాగితీగలోనే వెళ్లేది. స్తంభం మీద జాయింటు వేస్తుండగా ఆ నంబరుకి ఎవరైనా ఫోన్ చేస్తే వేళ్లు జివ్వుమనేవి. గంట కొట్టే కరెంటు అంత గట్టిది. అందుకే ఊరంతా చీకటైనా మీ ఫోను మోగేది.

ఫైబర్ అంటే గాజుపోగు. అందులో వెలుగు వస్తుంది గానీ కరెంటు రాదు. గోడకి బిగించే పెట్టె మీ ఇంటి ప్లగ్గు మీదే బతకాలి. కరెంటు పోయిన క్షణాన ఫోనూ పోతుంది. కాబట్టి కనెక్షన్‌తో పాటే రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కొనండి. పెట్టె అడాప్టర్ మీద 12 వోల్టులని ఉంటే యూపీఎస్ కూడా 12దే ఉండాలి. రెండు మూడు గంటలు వస్తుంది. ఇన్వర్టర్ ఉంటే ప్లగ్గు ఆ లైను మీదికి మార్పించండి, చాలు. ఇంకొకటి కూడా అడగాలి. లైను ఇచ్చేది మీ వీధి కేబుల్ ఆపరేటరైతే, వెలుగు పంపే మిషను అతని కొట్లోనే ఉండొచ్చు. ‘‘నీ దగ్గర బ్యాటరీ ఎంతసేపు వస్తుంది బాబూ?’’ అని మొహమాటపడకుండా అడగండి. అక్కడ ఆగిపోతే మీ యూపీఎస్ వృథా.

నంబరు విషయం: పాత లైను రద్దు కాగితం మీద ముందే సంతకం పెట్టకండి. అదే కంపెనీ ఫైబరైతే, ఆ నంబరే ఉంచాలని దరఖాస్తులో రాసి, కొత్త లైను మోగాకే పాతది వదలండి. మీ ఫోన్‌సెట్టునే పెట్టెకున్న ఫోన్ పోర్టులో గుచ్చుకోవచ్చు. సెట్టు అడుగున టి, పి అని చిన్న స్విచ్ ఉంటే టి వైపు తిప్పండి. ల్యాండ్‌లైన్ నుంచి సెల్లుకి చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి, 2021 జనవరి 15 నుంచి అదే నియమం.

మీ అమ్మాయితో మాటలకి వాట్సాప్ బ్రహ్మాండం, దాన్నే వాడండి. కానీ దాంట్లోంచి 108కి, 112కి ఫోన్ వెళ్లదు. డాక్టరుగారి ల్యాండ్‌లైన్‌కీ వెళ్లదు. అందుకని మీవారి మంచం పక్కన ఒక మామూలు బటన్ సెల్లు ఛార్జింగుతో ఉంచండి. ఫైబర్ ఎంత బాగున్నా ఈ పని మాత్రం మానొద్దు తల్లీ.

ప్రశ్న: మా ఆయన దుబాయ్ పోయి రెండు నెలలైంది. వాట్సాప్ మెసేజులు వస్తున్నాయి, కాల్ మాత్రం కలుస్తలేదు. ఫోన్ ఖరాబైందా?
- ఒక చెల్లెలు, జగిత్యాల

జవాబు: ఫోన్ బాగానే ఉందమ్మా. ఆ దేశంలో వాట్సాప్ కాల్స్‌ని ఆపేస్తారు. అనుమతి ఉన్న యాప్‌లోనే మాట్లాడాలి. అక్కడ మనవాళ్లు ఎక్కువగా వాడేది బోటిమ్. వీపీఎన్ (ఆ అడ్డుని దాటించే యాప్) పెట్టుకుంటే కలుస్తుందని రూమ్‌లో ఎవరైనా చెప్తే విననివ్వకండి. దొరికితే కేసు అవుతుంది, జరిమానా లక్షల దిర్హామ్‌లలో ఉంటుంది. మీ ఫోన్‌లోనూ అదే యాప్ వేసుకుని, ఆయన డ్యూటీ దిగే టైము అడిగి పెట్టుకోండి. అక్కడ రాత్రి 8 అయితే మనకి తొమ్మిదిన్నర.