ఇంట్లో తెలుగు ఆపేస్తే పిల్లాడు ఇంగ్లీషు బాగా చదువుతాడా?

ప్రశ్న: మాది పాలకొల్లు. అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. బాబు ఒకటో క్లాసు. చదవడంలో వెనకబడ్డాడంటున్నారు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలా అక్కా?

జవాబు: వద్దు చెల్లెమ్మా. 2015లో మా పెద్దాడి టీచరు అలాగే అంటే భయపడి తెలుగు మానేశాం. నా ఇంగ్లీషు ఆఫీసుకి సరిపోయేది గానీ, పిల్లాడికి కథ చెప్పడానికి చాలేది కాదు. ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. అమలాపురం నుంచి అమ్మ ఫోన్ చేస్తే వాడు "ఊఁ" అని నాకిచ్చేసేవాడు. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

అక్షరం చూసి పలకడం ఒక ఎత్తు, పలికిన మాట అర్థం కావడం ఇంకో ఎత్తు. మొదటిది బడిలో నేర్పుతారు. రెండోదానికి ఇంట్లో కబుర్లే ఆధారం, ఏ భాషలోనైనా సరే. నరసాపురం రేవులో పంటు ఎక్కిన పిల్లాడికి ఫెర్రీ అన్నది కొత్త పేరే గానీ కొత్త సంగతి కాదు.

రాత్రి పడుకునే ముందు పావుగంట పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. పుస్తకం ఇంగ్లీషుదైనా బొమ్మ చూపించి "ఇప్పుడేమవుతుందంటావ్?" అని తెలుగులోనే అడగండి. మాట దగ్గర తడబడితే వెంటనే అందించేయకండి, కాస్త ఆగండి. చదివిన పుస్తకమే మళ్ళీ అడిగితే విసుక్కోవద్దు. ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి. చంటిపిల్లలుంటే వాళ్ళకీ చదవండి. పసితనం నుంచే చదివి వినిపించమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే చెప్పింది.

టీచర్ని మాత్రం సూటిగా అడగండి: పలకడం రావట్లేదా, అర్థం కావట్లేదా? కళ్ళు, చెవులు చూపించండి. తెలుగులో కూడా శబ్దాలు పట్టుకోలేకపోతుంటే, పరీక్షించమని స్కూలుకి రాసివ్వండి. ప్రభుత్వ బడిలో దానికి డబ్బు కట్టక్కర్లేదు.

సెలవులకి వెళ్ళినప్పుడు మా చిన్నది రావులపాలెం బస్టాండులో బోర్డు చదివింది. "రా... వు... ల... పా..." అని ఆగిపోయింది. నాన్నగారు వేలు పెట్టి, "లకి ఎత్వం, పక్కన సున్నా" అన్నారు. "లెం! రావులపాలెం!" అని ఎగిరి గంతేసింది. బస్సు వచ్చేదాకా ఒక్క బోర్డూ వదల్లేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్లో ఆయన ఒక ఊరి పేరు పెద్దక్షరాలతో రాసి చూపిస్తారు. పోయిన వారం ఆత్రేయపురం. క్రావడి దగ్గర ఆగింది. నేను నోరు తెరవబోతే నాన్నగారు ఫోన్లోంచే చెయ్యి చూపించి ఆపేశారు.