ఒంటరిగా మహానంది, యాగంటి: చవకగా ఎక్కడ ఉండాలి?

కర్నూలు నుంచి బ్యాగు తగిలించుకుని ఒక్కరే మహానంది, యాగంటి చూసి రావాలని ఉందని, తక్కువ ఖర్చులో బస ఎక్కడ దొరుకుతుందని అడిగారు. తప్పకుండా వెళ్లండి. నడివేసవిలో మన సీమ రాళ్లు సెగలు కక్కుతున్నా ఆ రెండు చోట్లా నీటి ఊట ఆగదు. అయితే దర్శనం చేసుకుని అదే పూట తిరిగి వచ్చేయకండి. కనీసం మహానందిలోనైనా ఒక రాత్రి ఉండండి.

అక్కడ దేవస్థానం గదులున్నాయి, సత్రాలున్నాయి. చిక్కల్లా ఒంటరిగా వెళ్లేవారికే. ఒక సత్రంలో ఆధార్ కార్డు చూపించినా, "తోడు ఎవరూ లేరా?" అని అడిగి నన్ను వెనక్కి పంపారు. చీకటి పడ్డాక అలా చేయడం అన్యాయమని ఇప్పటికీ అంటాను. కాబట్టి ముందే ఫోను చేసి అడగండి. కుదరకపోతే నంద్యాల బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి, తెల్లవారుజామునే బస్సు ఎక్కండి. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు మాత్రం గది మీద ఆశ పెట్టుకోవద్దు.

జనం రాకముందే కోనేటికి చేరుకోవాలి. అడుగున పడిన రూపాయి బిళ్ల స్పష్టంగా కనిపించేంత తేట నీరు! లింగం కింద పుట్టిన ఊట కోనేటిలోకి వచ్చి, నిలవ ఉండకుండా బయటికి పారిపోతుంది. అందుకే అంతమంది మునిగినా మురికి పట్టదు. దయచేసి సబ్బు వాడకండి. ఆ నీరే కింద అరటితోటలకు పారుతుంది. స్నానం అయ్యాక కాలువ గట్టు పట్టుకుని కాసేపు నడవండి. ఇటు నల్లమల, అటు అరటాకుల నీడ, కాళ్ల కింద తడి మట్టి. ఆ నడక కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్తుంటాను.

యాగంటికి నంద్యాల నుంచి బనగానపల్లె బస్సు, అక్కడి నుంచి ఆటో. ఎండ ముదరకముందే అగస్త్య గుహ మెట్లెక్కి, దిగి వచ్చాక పుష్కరిణిలో మునగండి. మే నెల అయితే బనగానపల్లెలో బంగినపల్లి మామిడి తినకుండా రాకండి.

ఇంకో పూట చేతిలో ఉంటే కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు చూడండి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కొంత భాగానికే సందర్శకులను అనుమతిస్తారు. లోపల చల్లగా ఉంటుందనుకోవద్దు, ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది. బరువైన బ్యాగుతో లోపలికి దిగకండి.